కారుకు కళ్లొచ్చాయి, మరి డ్రైవర్ చూపెటు?

గీతలున్న రోడ్డు మీద తమంతట తామే సాగిపోయే కార్లు బస్తర్ దాకా వచ్చేశాయి. ఆ గీత ఆగిపోయిన చోట ఏం జరుగుతుందన్నదే అసలు ప్రశ్న.

మార్చి నెల, తెల్లవారుజాము అయిదున్నర. జగదల్‌పూర్ దాటిన కారు కేశ్‌లూర్ జంక్షన్‌లో గీదం దారిని వదిలేసి సుక్మా వైపు తిరిగింది. డాష్‌బోర్డు మీద చిన్న స్టీరింగ్ బొమ్మ ఒకటి ఆకుపచ్చగా వెలుగుతోంది. అంటే రోడ్డు మీది తెల్లగీతలు కారుకు కనబడుతున్నాయన్న మాట. వాటి మధ్యన ఉండేలా స్టీరింగ్‌ను అదే కాస్త కాస్తగా సర్దుకుంటోంది. ముందు వెళుతున్న లారీకి దూరం తగ్గితే వేగమూ అదే తగ్గించుకుంటోంది. డ్రైవర్ చేతులు స్టీరింగ్ మీద ఆనీ ఆననట్టున్నాయి.

దర్భా సమీపిస్తుండగా గీతలు మాసిపోయాయి. ఆకుపచ్చ బొమ్మ బూడిద రంగుకు మారింది. చిన్న బీప్ వినిపించింది. అప్పటికే డ్రైవర్ పాదం బ్రేకు మీదికి వెళ్లిపోయింది. కారణం బీప్ కాదు. రోడ్డు పక్క ఇప్పచెట్ల కింద ఎండుటాకులు తగలబెట్టిన పొగ. పొగ ఉందంటే అక్కడ పూలేరే ఆడవాళ్లు ఉంటారు. వాళ్లుంటే పిల్లలుంటారు, బుట్టలుంటాయి, రోడ్డుకు అటూ ఇటూ నడక ఉంటుంది. పొగ మధ్య నుంచి కట్టెల మోపు కట్టిన సైకిల్‌ను తోసుకుంటూ ఓ మనిషి బయటికొచ్చాడు, అదీ ఎదురుదిశలో. కారు అతన్ని చూసిందో లేదో తెలియదు. డ్రైవర్ మాత్రం అతను కనబడకముందే చూశాడు.

ఈ డ్రైవర్ కోంట వాసి. తెలుగు, గోండి, హల్బీ మూడూ వచ్చు. ఇరవయ్యేళ్లుగా ఇదే రోడ్డు మీద బతుకుతున్నారు. దర్భా దాటగానే ఆయన చేసే మొదటి పని లేన్ అసిస్ట్‌ను ఆపేయడం. సైకిల్‌కో ఎడ్లబండికో దారివ్వడానికి పక్కకు జరిగితే, ఇండికేటర్ వేయలేదన్న కారణంతో కారు స్టీరింగ్‌ను వెనక్కి లాగుతుందట. గీత దాటకుండా మనిషిని ఎలా తప్పించాలన్నది ఆయన ప్రశ్న. కారు కంపెనీలూ నియంత్రణ సంస్థలూ పదేళ్లుగా తలపట్టుకున్న ప్రశ్న కూడా ఇంచుమించు ఇదే.

సగం ఆటో, సగం మనిషి

కారు తనంతట తాను నడవడానికి సంబంధించి అమెరికాకు చెందిన ఎస్ఏఈ అనే ఇంజనీర్ల సంఘం 2014లో సున్నా నుంచి అయిదు దాకా ఆరు మెట్లు నిర్ణయించింది. సున్నా అంటే అంతా మనిషే. అయిదు అంటే మనిషితో పనే లేదు. మొదటి మెట్టులో స్టీరింగ్, వేగం రెండింటిలో ఒకదానికి కారు సాయపడుతుంది. రెండో మెట్టులో రెండూ అదే చూసుకుంటుంది. కానీ కన్ను మాత్రం డ్రైవర్‌దే. రోడ్డును క్షణం విడవకుండా గమనిస్తూ, అవసరమైన వెంటనే పగ్గాలు అందుకోవాల్సింది ఆయనే. మూడో మెట్టు నుంచే కాపలా పని కారుకు బదిలీ అవుతుంది. ఆ మెట్టెక్కిన కార్లు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. జపాన్‌లో 2021లో హోండా, జర్మనీలో 2022లో మెర్సిడెస్ పరిమితమైన రోడ్ల మీద, పరిమితమైన వేగంతో మొదలుపెట్టాయి.

మన దేశంలో అమ్ముతున్నవి ఒకటి, రెండు మెట్ల కార్లే. 2020లో ఎంజీ గ్లోస్టర్, 2021లో మహీంద్రా ఎక్స్‌యూవీ700 ఈ హంగులతో వచ్చాయి. అప్పట్లో ఇది సంపన్నుల ముచ్చట. 2024 డిసెంబరులో కొత్త హోండా అమేజ్ వచ్చేసరికి పది లక్షల రూపాయల లోపు ప్రారంభ ధరకే దొరికింది. సహజంగానే రాయ్‌పూర్‌లో కొన్న కారు సెలవులకు చిత్రకోట జలపాతం చూడటానికో, దంతేవాడ దంతేశ్వరి దర్శనానికో బస్తర్ వస్తుంది. విశాఖ, భద్రాచలం నుంచీ వస్తుంది.

ఈ కార్ల కళ్లు రెండు రకాలు. ముందు అద్దం లోపల కెమెరా, బంపర్ వెనక రాడార్. కెమెరా గీతలను, వాహనాలను, మనుషులను బొమ్మల ఆధారంగా గుర్తుపడుతుంది. రాడార్ దూరాన్ని, వేగాన్ని కొలుస్తుంది. రాడార్‌కు ఓ బలహీనత ఉంది. రోడ్డు పక్క స్తంభాలు, బోర్డులు, కల్వర్టు గోడలు అన్నీ దాన్ని తాకుతాయి. ప్రతిదానికీ బ్రేకు వేస్తే కారు కదలదు. కాబట్టి వేగంగా వెళుతున్నప్పుడు కదలని వస్తువులను చాలా వ్యవస్థలు లెక్కలోంచి తీసేస్తాయి. మలుపులో ఆగిపోయిన లారీ కూడా కదలని వస్తువే. టైరు పేలిన లారీ వెనక కొమ్మలు, బండరాళ్లు పెట్టి హెచ్చరించడం మన హైవేల మీద నిత్యం కనిపించే దృశ్యం. మన డ్రైవర్‌కు కొమ్మ కనబడితే విషయం అర్థమవుతుంది. కారుకు అది చెత్త.

సైకిల్ తోసుకెళ్లే మనిషి

బస్తర్ రోడ్డు మీద రోజూ కనబడే దృశ్యమే అమెరికాలో ఓ చరిత్రాత్మక ప్రమాదానికి కారణమయింది. 2018 మార్చి 18 రాత్రి అరిజోనా రాష్ట్రంలోని టెంపీలో ఓ మహిళ సంచులు తగిలించిన సైకిల్‌ను తోసుకుంటూ రోడ్డు దాటుతోంది. ఊబర్ సంస్థ ప్రయోగాత్మకంగా నడుపుతున్న స్వయంచాలిత కారు ఆమెను ఢీకొట్టింది. ఇలాంటి కారు కింద పడి పాదచారి మరణించడం అదే మొదటిసారి.

కారు ఆమెను చూడలేదా అంటే, చూసింది. ఢీకొట్టడానికి 5.6 సెకన్ల ముందే పసిగట్టిందని అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి (ఎన్‌టీఎస్‌బీ) దర్యాప్తులో తేలింది. కానీ ఆ అయిదున్నర సెకన్లలో ఆమెను ఒకసారి వాహనంగా, ఒకసారి ఏదో వస్తువుగా, ఒకసారి సైకిల్‌గా లెక్కగట్టింది. లెక్క మారిన ప్రతిసారీ ఆమె ఎటు వెళుతోందన్న అంచనా మళ్లీ మొదటికొచ్చింది. జీబ్రా గీతలు లేనిచోట మనిషి రోడ్డు దాటవచ్చన్న ఆలోచనే ఆ వ్యవస్థ రూపకల్పనలో లేదు. పర్యవేక్షణ కోసం డ్రైవర్ సీట్లో కూర్చున్న ఉద్యోగి చూపు రోడ్డు మీద లేదు, ఫోన్‌లో వస్తున్న టీవీ కార్యక్రమం మీద ఉంది. 2023లో ఆ ఉద్యోగి నేరం ఒప్పుకోవడంతో మూడేళ్ల పర్యవేక్షణ శిక్ష పడింది. కంపెనీపై క్రిమినల్ కేసుకు ఆధారం లేదని ప్రాసిక్యూటర్లు 2019లోనే తేల్చారు.

జీబ్రా గీతలు లేనిచోట మనుషులు రోడ్డు దాటరనే నమ్మకంతో తయారైన కారు దర్భా నుంచి సుక్మా దాకా ఎలా వెళ్లగలదు? ఆ దారిలో మనుషులు దాటేదంతా గీతలు లేనిచోటే.

ఖాళీగా కూర్చోవడమే కష్టం

తప్పు డ్రైవర్‌దే అనడం తేలిక. రెండో మెట్టు కార్ల మాన్యువల్‌లో ఆ మాటే ఉంటుంది. ఎప్పుడూ అప్రమత్తంగా ఉండండి, బాధ్యత మీదే. కానీ ఏమీ చేయకుండా అప్రమత్తంగా ఉండటం మనిషికి సాధ్యమా?

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌కు ఈ సందేహం వచ్చింది. రాడార్ తెర ముందు గంటలకొద్దీ కూర్చున్న సిబ్బంది శత్రు జలాంతర్గాముల జాడను ఎందుకు కనిపెట్టలేకపోతున్నారు? నార్మన్ మాక్‌వర్త్ అనే శాస్త్రవేత్త గడియారం లాంటి పరికరం తయారుచేశారు. దాని ముల్లు సెకనుకోసారి ఓ అడుగు కదులుతుంది. ఎప్పుడో ఒకసారి రెండడుగులు దూకుతుంది. అది గమనించి మీట నొక్కాలి, అంతే. 1948లో ప్రచురించిన ఫలితాల ప్రకారం మొదటి అరగంట గడిచేసరికే మనుషులు పట్టుకోలేని దూకుళ్లు పెరిగాయి. వాళ్లు సోమరులు కారు. మెదడు తీరే అంత.

1983లో బ్రిటిష్ మనస్తత్వవేత్త లిజాన్ బెయిన్‌బ్రిడ్జ్ ఈ వాదాన్ని మరో అడుగు ముందుకు తీసుకెళ్లారు. తేలికైన పనులన్నీ యంత్రానికిచ్చి, యంత్రం చేయలేని కష్టమైన పనిని మాత్రం మనిషికి మిగులుస్తున్నామని ఆమె ఎత్తిచూపారు. పైగా రోజూ చేయకపోవడం వల్ల ఆ పనిలో నైపుణ్యం తగ్గిపోయిన మనిషికి. ఆమె చెప్పింది ఫ్యాక్టరీల గురించి. నలభయ్యేళ్ల తర్వాత అది కారు సీటుకు అతికినట్టు సరిపోయింది.

2016 మే 7న ఫ్లోరిడాలో ఆటోపైలట్ మీద వెళుతున్న టెస్లా కారు హైవేకి అడ్డంగా మలుపు తిరుగుతున్న ట్రక్కు కిందికి దూసుకుపోయింది. కారూ బ్రేకు వేయలేదు, డ్రైవరూ వేయలేదు. ఆటోపైలట్ పనిచేసిన 37 నిమిషాల్లో స్టీరింగ్ మీద ఆయన చేతుల జాడ కనిపించింది 25 సెకన్లు మాత్రమే. 2018 మార్చిలో కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూలో మరో టెస్లా వెలిసిపోయిన గీతల వల్ల దారితప్పి కాంక్రీటు విభాగిని ముందున్న అడ్డును ఢీకొట్టింది. ఆ సమయంలో డ్రైవర్ ఫోన్‌లో గేమ్ ఆడుతున్నాడని ఎన్‌టీఎస్‌బీ నిర్ధారించింది. రెండు ప్రమాదాల్లోనూ కారు నడుపుతున్నవారే ప్రాణాలు కోల్పోయారు.

తప్పులో వాటా ఎవరిదెంత అన్నది కోర్టుల్లోనూ తేలడం మొదలైంది. 2019లో ఫ్లోరిడాలో కిందపడిన ఫోన్ కోసం వంగిన డ్రైవర్ కారు, రోడ్డు పక్కనున్న ఇద్దరిని ఢీకొట్టింది. వారిలో ఓ యువతి మరణించింది. 2025 ఆగస్టులో మయామీ జ్యూరీ ఆ తప్పులో మూడింట ఒక వంతు టెస్లాదేనని తేల్చి, దాదాపు 24.3 కోట్ల డాలర్లు చెల్లించాలంది. కంపెనీ ఆ తీర్పుతో ఏకీభవించలేదు.

నీళ్ల సీసాతో బురిడీ

డ్రైవర్ దృష్టి రోడ్డు మీదే ఉందని కారుకు ఎలా తెలుస్తుంది? చాలా కార్లు స్టీరింగ్ మీద చేతి ఒత్తిడిని బట్టి ఊహిస్తాయి. చెయ్యి ఆనించి ఆకాశంలోకి చూస్తున్నా వాటికి అభ్యంతరం లేదు. మన దేశంలో కొందరు మహానుభావులు స్టీరింగ్‌కు నీళ్ల సీసా కట్టి, సీట్లో బాసింపట్టు వేసుకుని కూర్చుని తీసుకున్న వీడియోలు సామాజిక మాధ్యమాల్లో చక్కర్లు కొట్టాయి. చేతికీ సీసాకూ తేడా తెలియని కాపలా అది.

కంటి కదలికలను కెమెరాతో గమనించడం ఇంతకన్నా నమ్మదగిన పద్ధతి. దీన్నీ మోసం చేయవచ్చు, కానీ అంత తేలిక కాదు. అమెరికాలో బీమా కంపెనీల పరిశోధన సంస్థ ఐఐహెచ్ఎస్ 2024లో ఇలాంటి 14 వ్యవస్థలను పరీక్షిస్తే 11 నాసిరకమని తేలాయి. ఫరవాలేదనిపించుకున్నది ఒక్కటే. 2023 డిసెంబరులో టెస్లా అమెరికాలో 20 లక్షలకు పైగా కార్లను రీకాల్ చేసి, డ్రైవర్ దృష్టిని కనిపెట్టే సాఫ్ట్‌వేర్‌ను మార్చాల్సి వచ్చింది. డ్రైవర్ పరధ్యానాన్ని గుర్తించి హెచ్చరించే ఏర్పాటు లేనిదే కొత్త మోడళ్లకు అనుమతి ఇవ్వరాదని ఐరోపా యూనియన్ 2024 జూలై నుంచి నిబంధన పెట్టింది.

మన దగ్గర కేంద్ర రవాణా శాఖ 2025 మార్చిలో ఓ ముసాయిదా విడుదల చేసింది. బస్సుల్లో, లారీల్లో అత్యవసర బ్రేకింగ్, లేన్ దాటితే హెచ్చరిక, డ్రైవర్ కునుకు తీస్తే హెచ్చరిక తప్పనిసరి చేయాలని ప్రతిపాదించింది. రాత్రంతా ఇనుప ఖనిజమో సిమెంటో మోసుకెళ్లే లారీ డ్రైవర్‌కు కునుకు హెచ్చరిక నిజంగా అవసరమే. అయితే బీప్ మోగాక బండి ఆపుకునే చోటు, పడుకునే సమయం కూడా ఉండాలి. సరుకు చేరవేసే గడువు మారకుండా బీప్ ఒక్కటే మోగితే డ్రైవర్ మొదట చేసే పని దాని గొంతు నొక్కడమే.

హైదరాబాద్ నేర్పిన పాఠం

ఐరోపా రోడ్ల బొమ్మలతో చదువుకున్న కారుకు భారత రోడ్డు ఎందుకు అర్థం కాదో మొదట లెక్కకట్టి చూపించిన వారిలో హైదరాబాద్ పరిశోధకులున్నారు. ఐఐఐటీ హైదరాబాద్, ఇంటెల్ కలిసి హైదరాబాద్, బెంగళూరు నగరాల్లో, వాటి శివార్లలో తీసిన 10 వేల చిత్రాలతో 2018లో ఇండియా డ్రైవింగ్ డేటాసెట్‌ను విడుదల చేశాయి. అందులో 34 రకాల వస్తువులకు గుర్తులు పెట్టారు. ఆటోరిక్షాకు వేరే గుర్తు. జంతువులకు వేరే గుర్తు. అన్నిటికన్నా ముఖ్యమైంది, తారు పక్కనున్న మట్టి అంచుకు కూడా ప్రత్యేక గుర్తింపు ఇవ్వడం. అది రోడ్డు కాదు, కానీ అవసరమైతే బండి దిగవచ్చు. మన డ్రైవర్లకు పుట్టుకతో తెలిసిన ఈ సంగతి కారుకు కొత్తగా నేర్పాల్సి వచ్చింది.

కానీ బస్తర్‌లో నేర్వాల్సినవి ఇంకా ఉన్నాయి. తారు మీద ఆరబోసిన ధాన్యం. రాత్రి వెచ్చదనం కోసం రోడ్డు మీదే పడుకునే పశువులు. సంత నుంచి తిరిగొస్తూ ముగ్గురెక్కిన మోటారు సైకిళ్లు. కేశ్‌కాల్ ఘాట్ పన్నెండు మలుపుల్లో ఎదుటి లారీ వెడల్పుగా తిరగడం, దాన్ని ముందే ఊహించి మనం కింద ఆగిపోవడం. అక్కడ దారి ఇచ్చిపుచ్చుకోవడం హారన్‌తో, హెడ్‌లైట్‌తో, కిటికీలోంచి ఊపే చేత్తో జరుగుతుంది.

ఇంకో పాఠం ఏ డేటాసెట్‌కూ ఎక్కనిది. కారుకు ఖాళీ రోడ్డు అంటే దారి సుగమం. బస్తర్ డ్రైవర్‌కు సంత రోజున ఖాళీగా ఉన్న రోడ్డు ప్రమాద సూచిక. దశాబ్దాల పాటు ఇక్కడ మందుపాతరల భయంతో బండ్లు నడిపారు. కొత్తగా తవ్విన మట్టి, కల్వర్టు దగ్గర కదిలిన రాయి, కనిపించాల్సిన చోట కనిపించని జనం, వీటిని చదవడమే డ్రైవింగ్. అయినా ఆ చూపుకూ హద్దుంది. 2023 ఏప్రిల్ 26న దంతేవాడ జిల్లా అరన్‌పూర్ దగ్గర, 2025 జనవరి 6న బీజాపూర్ జిల్లా కుట్రూ దగ్గర జరిగిన పేలుళ్లలో భద్రతా సిబ్బందితో పాటు వారి బండి నడుపుతున్న పౌరుడైన డ్రైవర్ కూడా చనిపోయాడు. రోడ్డు కింద దాగిన దాన్ని ఏ కన్నూ పట్టలేదు.

మంచి రోడ్డే అసలు పరీక్ష

వింత ఏమిటంటే, ఈ పాత రోడ్డు మీద సెమీ ఆటోమేటిక్ కారు అంత ప్రమాదకరం కాదు. ప్రతి అయిదు నిమిషాలకూ చేతులెత్తేస్తుంది కనుక డ్రైవర్ దాన్ని నమ్మడు. నమ్మడు కనుక నిద్రపోడు. అసలు ముప్పు అది నూటికి తొంభైతొమ్మిది సార్లు చక్కగా పనిచేసే చోట ఉంది.

అలాంటి చోటు బస్తర్‌కూ వస్తోంది. రాయ్‌పూర్, విశాఖపట్నం మధ్య 464 కిలోమీటర్ల ఆరు వరుసల కారిడార్ ఛత్తీస్‌గఢ్‌లో కాంకేర్, కొండగావ్ జిల్లాల మీదుగా వెళుతుంది. ప్రధాని నరేంద్ర మోదీ ఆంధ్రప్రదేశ్ భాగానికి 2022 నవంబరులో, ఛత్తీస్‌గఢ్ భాగానికి 2023 జూలైలో శంకుస్థాపన చేశారు. 2.8 కిలోమీటర్ల సొరంగం, వన్యప్రాణుల కోసం 27 దారులు, కోతులు దాటడానికి 17 పందిళ్లు ప్రణాళికలో ఉన్నాయి. నున్నటి తారు, మెరిసే గీతలు, మలుపులు లేని దారి. అంటే రెండో మెట్టు కారుకు స్వర్గం, మాక్‌వర్త్ గడియారం ముందు కూర్చున్న మనిషికి అచ్చమైన పరీక్ష. అరగంట తర్వాత డ్రైవర్ చెయ్యి ఫోన్ మీదికి వెళుతుంది. ఎప్పుడో ఒకసారి ఆ రోడ్డు మీదికీ ఓ ఆవు, ఓ సైకిల్ రాకపోవు.

ప్రమాదం జరిగితే కారులోని వారికి ఎయిర్‌బ్యాగులుంటాయి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మరణించిన 1,68,491 మందిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు, 19.5 శాతం పాదచారులు. 2024 మే 20న ఛత్తీస్‌గఢ్‌లోని కవర్ధా జిల్లాలో తునికాకు సేకరించి వస్తున్న 19 మంది ఆదివాసులు పికప్ బండి లోయలో పడి మరణించారు. వారిలో అత్యధికులు మహిళలు. ఆ బండికి కెమెరా లేదు, రాడార్ లేదు, కూర్చోవడానికి సీటు కూడా లేదు. కారు తెలివితేటల మీద జరిగే చర్చలో వీళ్ల ప్రస్తావన రాదు.

డ్రైవర్ లేని కార్లను దేశంలోకి రానివ్వబోనని కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ 2017లో, మళ్లీ 2023లో ప్రకటించారు. డ్రైవర్ల ఉపాధి పోతుందన్నది ఆయన వాదన. కానీ సమస్య డ్రైవర్ లేని కారు కాదు. డ్రైవర్ ఉండీ లేనట్టుండే కారు. దాన్ని ఎవరూ ఆపలేదు, ఆపాల్సిన అవసరమూ లేదు. సరిగ్గా సమయానికి పడిన అత్యవసర బ్రేకు ప్రాణాలు కాపాడుతుందనడంలో సందేహం లేదు. ఈ వ్యవస్థ ఎక్కడ పనిచేయదో షోరూములో తాళాలిచ్చేటప్పుడే చెప్పడం, స్టీరింగ్ ఒత్తిడిని కాకుండా కంటిచూపును గమనించే ఏర్పాటును తప్పనిసరి చేయడం, ప్రమాదం జరిగినప్పుడు ఆ వ్యవస్థ పనిచేస్తోందా లేదా అన్నది పోలీసు రికార్డుకెక్కేలా చూడటం పెద్ద ఖర్చుతో కూడినవేమీ కావు. చేతిలో ఫోన్ పట్టుకుని నడిపితే ప్రమాదకర డ్రైవింగ్ కింద లెక్క అని 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. ఆ ఫోన్ పట్టుకునే తీరిక కారే ఇస్తున్నప్పుడు ఏం చేయాలన్నది చట్టం ఇంకా ఆలోచించాలి.

సుక్మా, దోర్నపాల్ దాటి కోంట చేరేసరికి మధ్యాహ్నమయింది. అవతల శబరి నది, ఆ పక్కన ఆంధ్రప్రదేశ్. చింతూరు దగ్గర రోడ్డు మీద మళ్లీ గీతలు కనిపించాయి, బొమ్మ మళ్లీ పచ్చబడడానికి సిద్ధంగా ఉంది. డ్రైవర్ మీట నొక్కలేదు. ఇవాళ సంత ఉండొచ్చని, కాసేపు తానే చూసుకుంటానని అన్నారు. రెండు మలుపుల తర్వాత రోడ్డు నిండా జనం.